ఆదివారం కోడికూర, మొదటి శీలం



ఆదివారం బుద్ధ వందన అయినంక మనలో చాలామంది చికెన్ దుకాణానికే పోతరు. కరీంనగర్‌లోనైనా, ఆదిలాబాద్‌లోనైనా ఇదే తీరు. "పంచశీల తీసుకున్నోళ్లు కోడిని తినొచ్చా?" అని ఎవరన్నా అడిగితే మనకు కోపమొస్తది. రావడం న్యాయమే. తిండిని చూపే కదా మనల్ని ఊరి బయట పెట్టింది. బుద్ధుడు భిక్షువులకు సైతం మాంసాన్ని పూర్తిగా నిషేధించలేదు. తన కోసం చంపినట్టు చూడకుండా, వినకుండా, అనుమానం లేకుండా ఉంటే స్వీకరించవచ్చన్నాడు. బాబాసాహెబ్ కూడా చంపవలసిన అవసరం వేరు, చంపాలనే కోరిక వేరు అని వివరించారు. కాబట్టి తినడం మీద నాకు పేచీ లేదు.

నేను అడిగేది ఆ కోడి పెరిగిన తీరు గురించి. షెడ్డులో వేల కోళ్లు కిక్కిరిసి ఉంటాయి. రోగం రాకముందే, తొందరగా బరువు రావాలని, దాణాలోనో నీళ్లలోనో యాంటీబయాటిక్ కలిపే అలవాటు ఉంది. కొద్ది కొద్దిగా మందు పడితే బలహీనమైన సూక్ష్మజీవులు చస్తాయి, తట్టుకున్నవి మిగిలి పెరుగుతాయి. ఆ గుణాన్ని పక్క సూక్ష్మజీవులకు కూడా అందిస్తాయి. పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ ఈ ప్రమాదాన్ని 1945లోనే చెప్పాడు. ఏ మందూ పనిచేయనప్పుడు డాక్టర్లు ఆఖరికి వాడే కొలిస్టిన్‌నూ కోళ్లకు పోశారు. 2019 జూలైలో కేంద్ర ప్రభుత్వం దాన్ని ఆహారం కోసం పెంచే జంతువులకు వాడకుండా నిషేధించింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థవాళ్లు తెలంగాణ, కేరళ కోళ్ల రెట్టను పరీక్షిస్తే మందులకు లొంగని జన్యువులు కనిపించాయి.

ఇందులో చంపాలనే చేతన ఎవరికుంది? షెడ్డు రైతుకు లేదు, దుకాణపాయనకు లేదు, మీకు నాకు లేదు. అయినా ఏదో సర్కారు దవాఖానలో పసిబిడ్డకు సూది పనిచేయదు. ఖరీదైన మందు కొనలేక పోయేది ఎక్కువగా మన బిడ్డలే. ఇది ఉంటే అది కలుగుతుందన్న పటిచ్చసముప్పాదం ఇక్కడ కండ్ల ముందే ఉంది. 'అనుమానం లేకుండా' అన్న మాట దగ్గర నేను ఆగిపోతున్న. ఆ నియమం జంతువు ప్రాణం గురించి చెప్పింది, దాన్ని మనిషి ప్రాణం దాకా చాపుతున్న. తప్పయితే దిద్దండి. కానీ తెలిసినంక "నాకు తెల్వది" అంటే చెల్లదు గదా.

కోళ్ల ఫారాలనే అనేముందు మన ఇల్లూ చూడాలె. జలుబుకు మెడికల్ షాపులో రెండు యాంటీబయాటిక్ గోలీలు అడిగి వేసుకునేది మనమే. జలుబుకు అవి పనిచేయవు. షెడ్డులో జరిగేదే మన ఒంట్లోనూ జరుగుతది.

కూర బాగా ఉడికితే సూక్ష్మజీవులు చస్తాయి. పచ్చి మాంసం కోసిన కత్తితోనే ఉల్లిగడ్డ కోస్తేనే చిక్కు. కత్తి, పీట, చేతులు సబ్బుతో కడుక్కోండి. మాంసాన్ని నల్లా కింద పెట్టి కడిగితే నీళ్లు చిల్లి చుట్టూ పడతాయి. ఇక షెడ్డులు నడిపే మనవాళ్లకు ఒక మాట: కంపెనీ దాణా బస్తాలో ఏముందో సూపర్‌వైజర్‌ను అడగండి, మంచిగున్న కోళ్లకు మందు పోయమంటే ముందు సర్కారు పశువుల డాక్టర్‌ను కలవండి.