ఎక్కము మంత్రమా?

వేదమును వల్లించు బాలుడును, ఎక్కములను వల్లించు బాలుడును దూరమునుండి వినువారి చెవికి ఒక్కతీరుననే తోతురు. ఇరువురి గొంతులోను ఒకే యూపు, అర్థముతో నిమిత్తము లేకయే ముందునకు సాగు ఒకే ధాటి. అయినను మంత్రమునకు పదముల ఆనుపూర్వియే ప్రాణమనియు, వర్ణమొక్కటి తారుమారైనచో అది మంత్రమే గాక పోవుననియు మన పూర్వులు తలచి, క్రమము, జట, ఘనము మొదలగు పాఠభేదములతో దానిని కాపాడుకొనిరి. ఎక్కము సంగతియు అట్టిదేనా యని విచారించినవారు మాత్రము అరుదు.

మంచిర్యాల జిల్లాలోని నస్పూరున ఈ ప్రశ్నకు సగము సమాధానము సాయంకాలమున వాకిళ్లలోనే వినవచ్చును. గోదావరికి అనతిదూరమున, శ్రీరాంపూర్ బొగ్గుగనుల నానుకొని పెరిగిన యీ యూర, సింగరేణి క్వార్టర్లలో ఒకయింటి తాత మనుమరాలిచేత ‘పదిహేడేడులు నూట పందొమ్మిది’ అనిపించుచుండును. ప్రక్కయింట ఉర్దూ చదువుల నాటి వాసన యింకను వీడని వృద్ధుడు ‘సత్రా సత్తే ఏక్ సౌ ఉన్నీస్’ అని చెప్పించుచుండును. ఇంగ్లీషు మీడియము పిల్లలు ‘సెవెంటీన్ సెవెన్ జా’ అనుచు, ఆ ‘జా’ యేమిటో యెరుగకయే, అదే 119ని చేరుచుందురు. భాష మారిన మంత్రము మంత్రము గాదు. ఎక్కమునకు మాత్రము ఏ లోపమును గలుగుట లేదు. కనుక దాని ప్రామాణ్యము ధ్వనియందు లేదనుట స్పష్టము. మరి యెక్కడ నున్నది?

తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దిలో బాలుర సుఖబోధకొరకే రచించిన తర్కసంగ్రహము, జ్ఞానమును స్మృతి యనియు, అనుభవ మనియు రెండుగా విభజించి, సంస్కారమాత్రముచేత బుట్టినది స్మృతి యని చెప్పి, యథార్థమైన అనుభవమునకే ప్రమ యను పేరు నిచ్చినది. ఈ లెక్కన వల్లెవేసి ఒప్పగించిన 119 కేవలము స్మృతి, ప్రమ యనిపించుకొనజాలదు. ఇది తార్కికుల వాగ్వాదమని కొట్టివేయవలదు. 17వ ఎక్కమును గడగడ ఒప్పగించిన పిల్లను హఠాత్తుగా ‘పదిహేడెనిమిదులెంత?’ అని యడిగి చూడుడు. ఆమె కన్నులు పైకెత్తి, పెదవులు కదలీ కదలనట్లుగా ‘పదిహేడొకట్ల పదిహేడు’ నుండి మొదలుపెట్టి, ఒక్కొక్క వ్రేలే ముడుచుకొనుచు వచ్చి, ఎనిమిదవ వ్రేలివద్ద గాని నోరు తెరువదు. నడుమ ఎవరైన పలుకరించిరా, మరల మొదటికే పోవలెను.

ఆ గ్రంథమే సంఖ్యను ఒక గుణముగా బేర్కొని, ఏకత్వము మొదలు పరార్ధము వరకు దాని వ్యాప్తిని చెప్పినది. అందు ద్విత్వాదులు వస్తువులలో వానియంతట అవి యుండక, ‘ఇది యొకటి, ఇది యొకటి’ యను అపేక్షాబుద్ధివలన బుట్టుననియు, ఆ బుద్ధి నశింపగనే తామును నశించుననియు వైశేషికుల సిద్ధాంతము. కూర్చు బుద్ధి లేనిచోట పదునేడును లేదన్నమాట. నాకు దెలిసినంతలో పెద్ద ఎక్కముల బోధనకు ఇంతకంటె పనికివచ్చు సూత్రము మరియొకటి లేదు.

గనిలో పనిచేసి విరమించిన వృద్ధుడొకడు మనుమరాలికి దీనినే, వైశేషికము పేరైన వినకుండ, చింతగింజలతో చూపుట చూచితిని. వరుసకేడు గింజల చొప్పున పదునేడు వరుసలు పేర్చించినాడు. నాలుగైదు వరుసల వరకు కంటితో పోల్చుకొన్న పిల్లకు అటుపిమ్మట చూపు చెదరినది. అంతట ఆయన పదవ వరుస క్రింద చీపురుపుల్ల నొకదాని నడ్డము పెట్టి, ‘పైనెన్ని?’ అని మాత్రమడిగెను. పైన పదేడులు 70; క్రింద ఏడేడులు 49. పిల్ల క్షణమాగి, 119 అని, తాను బడిలో ఒప్పగించిన సంఖ్యయే యిది యని తెలిసి, తాత ముఖమువంక అనుమానముగా చూచినది. పిమ్మట 17 ఎనిమిదులను ఎనుబదియు నేబదియారునుగా విడదీసి 136 అని చెప్పుటకు వ్రేళ్లు ముడువలేదు. 19 ఎనిమిదులకైతే 160 నుండి 8 తీసివేయవచ్చునని ఆమెయే కనుగొన్నది.

ఇంత చెప్పినందున, కంఠస్థమే దండుగ యని నేటి కొందరనుచున్న మాటను నేను సమర్థించుచున్నానని యనుకొనవలదు. ఏడేడులు నలుబదితొమ్మిది యని తడుముకొనకుండ నోటికి రానిచో ఆ చీపురుపుల్ల ఏమి సాధించియుండెడిది? అనుమానమునకు, అనగా ఒకదానినిబట్టి మరియొకదానిని తెలియుటకు, వాని నిత్యసంబంధమును తలచుకొనుట, అనగా వ్యాప్తిస్మరణము, ఆవశ్యకమని నైయాయికులే యనిరి. స్మృతిని ప్రమలలో జేర్పనివారు సయితము దానిని గడప దాటి వెళ్లగొట్టలేదు. పదవ ఎక్కము వరకు నిర్దాక్షిణ్యముగా వల్లెవేయింపవలసినదే. ఆ పైనివి మొదట విడదీసి కూర్చుటచేత తెలిసి, వాడుకచేత నోటికెక్కుట మేలు. ఇరువది దాటిన ఎక్కములను పసివారిచే బట్టీ పట్టించి చుట్టముల యెదుట ప్రదర్శించుట నాకు ఎన్నడును రుచింపలేదు.

ప్రొద్దుటూరు ప్రాంతపు కల్లూరున 1907లో జన్మాంధుడై పుట్టిన లక్కోజు సంజీవరాయశర్మ చదువంతయు చెవిచదువే. అక్క బిగ్గరగా చదువుకొను పాఠములను వినుచు నేర్చినవాడు, గణితావధానియై, ఫిడేలు చేతబట్టి, బహ్వంకసంఖ్యల గుణకారములను సభలలో నోటితో చెప్పెడివాడు. 1997 వరకు జీవించెను. వల్లెకు అంతకంటె గొప్ప సాక్ష్య మేమున్నదని యెవరైన అడుగవచ్చును. అయితే పృచ్ఛకులు అడుగునది ఎవరును ఎన్నడును వల్లింపని సంఖ్యలనే గదా. చెవి తెచ్చియిచ్చినదానిని విడదీసి కూర్చు బుద్ధి వెనుక లేనిచో, ఎంత ధారణ యున్నను ఆ వేదికపై పనికిరాదు.

ఇక చెవిని బడిన మాటనే నమ్మవలసివచ్చు చోట్లును గలవు. అట్టి శబ్దము ప్రమాణమగుటకు, తార్కికుల మతమున, చెప్పువాడు ఆప్తుడు, అనగా ఉన్నదున్నట్లు పలుకువాడు, కావలెను. ఈ నియమము విలువ నస్పూరు వంటి గనులయూరికి తెలిసినంతగా పండితసభలకు తెలియదేమో. చేతితో బొగ్గెత్తి టబ్బులు నింపిన కోల్ ఫిల్లర్లకు కూలి నింపినంతకే గదా. టబ్బుల సంఖ్యను ధరతో తానే హెచ్చించుకొనగల కార్మికునకు లెక్క వ్రాయువాడు ఆప్తుడో కాడో తేల్చుకొను శక్తి చేతనున్నట్లు. లేనివానికి కాగితముపై నున్నదే వేదము.

మంత్రమునకును ఎక్కమునకును గల భేదము గ్రంథములలోను కానవచ్చును. 9వ శతాబ్దిలో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలమున జైనుడైన మహావీరాచార్యుడు గణితసారసంగ్రహమును జినేంద్రస్తుతితో ఆరంభించి, కొన్ని గుణకారలబ్ధములను కంఠాభరణములుగా వర్ణించెను. దానిని తెనిగించిన పావులూరి మల్లన జైనపరములైన ఉదాహరణములను శైవపరములుగా మార్చెనని సాహిత్యచరిత్రకారులు చెప్పుదురు. దేవుడు మారెను, లబ్ధములను మార్చనక్కర లేకపోయెను. అట్టి హారములలో ఒకటి, 142857143ను ఏడుచే గుణించుట, ఏడవ ఎక్కము వచ్చిన యే పిల్లకైనను ఈయదగినది. ఏడు మూళ్లు ఇరువదియొకటి. ఒకటి వేసి, రెండు చేత బట్టవలెను. ఏడు నాలుగులు ఇరువదియెనిమిదియు రెండును ముప్పది, సున్న. ఏడొకట్ల ఏడును మూడును పది, మరల సున్న. ఏడేడులు నలుబదితొమ్మిదియు నొకటియు ఏబది, మరల సున్న. ఈ మూడవ సున్నవద్ద పిల్ల పలక మీదినుండి తలయెత్తి, తప్పెక్కడనైన పడినదేమో యని మొదటినుండి సరిచూచుకొనును. తప్పు లేదని తేలిన పిమ్మట తక్కిన అంకెలకు తాత సాయమును ఒల్లదు.