ఫాదర్ కాని బ్రదర్



అబిడ్స్ చిరాగలీ లేన్‌లోని లిటిల్ ఫ్లవర్ హైస్కూలును, గన్‌ఫౌండ్రీలోని ఆల్ సెయింట్స్ హైస్కూలును ఎరుగని కతోలిక కుటుంబం మన నగరంలో అరుదు. మొదటిది 1953లో, రెండవది 1855లో స్థాపించబడినవి. నేడు రెండింటినీ నడుపుతున్నది పునీత గబ్రియేలు మోన్‌ఫోర్టు సహోదరుల సభ. సీటు కోసం మనం వారి గడప తొక్కుతాం. "బ్రదర్ గారూ" అని చేతులు జోడిస్తాం. బయటకు వచ్చాక మాత్రం, "ఇంత చదివి ఈయన ఫాదర్ ఎందుకు కాలేదో!" అనుకుంటాం. ఈ ప్రశ్నకు జవాబు ఆ సభ పుట్టుకలోనే ఉన్నది.

పునీత లూయీ మరియ మోన్‌ఫోర్టు గారు 1673లో ఫ్రాన్సు దేశంలో జన్మించారు. ఆయన గురువు, ఊరూరా తిరిగిన వేదబోధకుడు. దినాన్ పట్టణంలో ఒక రాత్రి వీధిలో పడివున్న కుష్ఠురోగిని భుజాన వేసుకొని వచ్చి, క్రీస్తుకే తలుపు తీయండని కేకవేశారు. పొయితియే నగరంలో గుడిలో ప్రార్థిస్తున్న మతురేన్ అనే యువకుణ్ణి చూచి తన వెంట రమ్మన్నారు. మతురేన్ గురుపట్టం పొందలేదు. జీవితాంతం సత్యోపదేశం నేర్పుతూ, కీర్తనలు పాడిస్తూ బ్రదర్‌గానే ఉండిపోయారు. లారొషేల్‌లో మోన్‌ఫోర్టు గారు పేదపిల్లలకు ఉచిత పాఠశాలలు తెరిచారు. 1716 ఏప్రిల్ 28న కన్నుమూయడానికి ముందురోజు వ్రాయించిన వీలునామాలో, విధేయత, పేదరికం వ్రతాలు పట్టిన నలుగురు సహోదరులను ఆయన పేరుపేరునా తలచుకున్నారు.

ఆ చిన్న మొక్క ఫ్రెంచి విప్లవపు తుఫానులో దాదాపు వాడిపోయింది. 1821 నుండి ఫాదర్ గబ్రియేల్ దెహే గారు దానికి నీరుపోసి, పాఠశాలలు పెంచారు, మూగ చెవిటి పిల్లల చదువుకు బాట వేశారు. గబ్రియేలు అన్న పేరు ఆయన నుండే సభకు వచ్చినది. 1903లో ఈ సహోదరులు నేటి తమిళనాడులోని తిండివనం చేరి మన దేశంలో సేవ ప్రారంభించారు. 1947లో మోన్‌ఫోర్టు గారిని శ్రీసభ పునీతునిగా ప్రకటించినది.

ఇక వారి జీవితం చూడండి. బ్రదర్లు పూజ చేయరు, పాపసంకీర్తనం వినరు. బ్రహ్మచర్యం, పేదరికం, విధేయత అనే మూడు వ్రతాలతో ఒకే ఇంట కలిసి జీవిస్తారు, కలిసి ప్రార్థిస్తారు. సంపాదన ఎవరి సొంతమూ కాదు, సమూహానిది. జపమాల, మరియమాత భక్తి వారికి ఊపిరి. తరగతి గదే వారి వేదబోధ క్షేత్రం.

బ్రదర్ అంటే సగంలో ఆగిన ఫాదర్ అనుకోవడం పొరపాటు. ఒక వస్తువు పూర్ణతను దాని స్వభావాన్ని బట్టి నిర్ణయించాలని తత్త్వశాస్త్రం నేర్పుతుంది. మామిడిచెట్టు సరిగా ఎదగని మర్రిచెట్టు కాదు. కాయ కాస్తే అది పూర్ణమైన మామిడిచెట్టే. రెండవ వాటికన్ మహాసభ కూడా 1965లో, గురుపట్టం లేని మఠజీవితం తనంతట తానే సంపూర్ణమని బోధించినది. నజరేతు వడ్రంగి అయిన పునీత జోజప్పగారు యాజకుడు కాదు. ఆయన పవిత్రతకు ఏమి తక్కువైంది? పెద్దరికపు బిరుదులు కోరవద్దనీ, మనమంతా సోదరులమనీ ప్రభువే హెచ్చరించారు (మత్తయి 23:8). ఆ మాటనే తమ పేరుగా ధరించినవారు ఈ బ్రదర్లు.

తల్లిదండ్రులారా, ఒక మాట సూటిగా అడుగుతున్నాను. బ్రదర్ల బడిలో మన బిడ్డకు సీటు కావాలి. కాని ఆ బిడ్డే పదవ తరగతి తరువాత "అమ్మా, నేను బ్రదర్ అవుతాను" అంటే మన ముఖం ఎందుకు వాడిపోతుంది? ఫాదర్ అయితే మొదటి పూజకు ఊరంతా విందు పెట్టవచ్చు. బ్రదర్ అయితే చెప్పుకోవడానికేముందని కదా! అంటే మనం దేవునికి ఇవ్వజూసేది బిడ్డనా, మన గౌరవాన్నా? తీసుకోవడానికి చాచిన చేయి ఇవ్వడానికి ముడుచుకుంటే, రేపు ఆ బడులలో మన మనుమలకు పాఠం చెప్పే బ్రదర్ ఎక్కడినుండి వస్తాడు?

ఈ వారం కుటుంబ ప్రార్థనలో ఒక జపమాల గుర్తును బ్రదర్ల పిలుపు కోసం అర్పించండి. మీ పిల్లలకు మతురేన్ కథ చెప్పండి. పిలుపు వినిపించిన బిడ్డకు అడ్డు నిలువకండి. దినాన్‌లో ఆ రాత్రి తలుపు తట్టిన ప్రభువు నేడు మన ఇంటి తలుపు తడుతున్నారేమో! తెరిచే మనసును మరియమాత మనకు దయచేయించును గాక. ఆమెన్.