యోగ్యతకు సాక్షి ఎవరు?

జ్ఞానమునకు ప్రామాణ్యము స్వతస్సిద్ధమని మీమాంసకులును, అన్యసాధనముచే నిర్ణేతవ్యమని నైయాయికులును చేసిన వివాదము గ్రంథములందే ముగిసినదని తలచువారు, విదేశములందు వైద్యవిద్య ముగించి గిద్దలూరువంటి ఊళ్లకు మరలివచ్చిన యువకులు 2002 నుండి అమలులోనున్న అర్హతాపరీక్షకై మరల పుస్తకములు పట్టుట చూచిన, తమ తలపు మార్చుకొందురు. మార్కాపురపు రాతిపలకపై దిద్దిన అక్షరమును ఏ దేశమును కాదనదు. పట్టమును మాత్రము ప్రతి సరిహద్దును ప్రశ్నించును.

మద్రాసున ఎల్.ఎం.ఎస్. పట్టము పొంది అమెరికాకేగిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, అచ్చట వైద్యవృత్తికి అనుమతి లేక, బోస్టను ఆసుపత్రిలో రాత్రివేళ పరిచారకుడై రోగుల మలమూత్రపాత్రలెత్తిరి. ఆయనయే 1925లో సహపరిశోధకుడగు ఫిస్కేతో కలిసి భాస్వరమును కొలుచు పద్ధతిని లోకమునకిచ్చిరి. మీమాంసకునికి వేరు దృష్టాంతమేల? అయినను, రోగిపక్షమున నిలిచి చూచిన, నాకు నైయాయికుడే ఆప్తుడు: తన శరీరమును అపరిచితునికప్పగించువాడు పరీక్ష కోరుట న్యాయమే. పరీక్షకు పూర్వమే, పట్టము పేరు చూచి తలుపు మూయుటను ఆ నైయాయికుడును సమర్థింపజాలడు.