అటక కింద మనిషి

బౌద్ధ భిక్షువుల నడవడికను నిర్దేశించే వినయపిటకంలో అటక గురించి ప్రత్యేకంగా ఒక నియమం ఉంది. ఒక విహారంలో ఇద్దరు భిక్షువులు ఒకే కుటిలో ఉండేవారు. ఒకరు కింద, ఒకరు అటక మీద. పైనున్నాయన ఒకరోజు మంచం మీద దభీమని కూర్చున్నాడు. అది కోళ్లు ఊడదీయడానికి వీలున్న మంచం. ఒక కోడు ఊడి, సందులోంచి జారి, కింద ఉన్నాయన నెత్తిన పడింది. ఆయన పెట్టిన కేకకు తోటి భిక్షువులంతా పరిగెత్తుకొచ్చారు. సంగతి బుద్ధుడి దాకా వెళ్లింది. సంఘానికి చెందిన విహారంలో, అటక మీద, ఊడే కోళ్లున్న మంచం మీద కూర్చున్నా పడుకున్నా దోషమేనని నియమం ఏర్పడింది.

వినయం అక్కడితో ఆగలేదు. అటక అని దేన్ని అనాలో కూడా చెప్పింది. మధ్యరకం పొడుగున్న మనిషి కింద నిలబడితే తల తగలనంత ఎత్తు ఉండాలి. పైన పలకలు పరిచి ఉంటే దోషం లేదు. కింద ఎవరూ మసలని చోటైనా దోషం లేదు. చదివేకొద్దీ ఒక విషయం స్పష్టమవుతుంది. నియమం పైనున్నవాడికి పెట్టారు గానీ, ఆలోచనంతా కింద ఉన్నవాడి గురించే.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవాళ్లు దీన్ని ఎక్కడో కోసలలో జరిగిన కథగా వదిలేయనక్కర్లేదు. వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద, విజయనగరం దగ్గర రామతీర్థంలో గురుభక్తులకొండ మీద భిక్షువులు నివసించిన విహారాల శిథిలాలు ఇప్పటికీ ఉన్నాయి. గోడలు కూలిపోయినా, పునాదులను బట్టి చూస్తే అవి ఎంత చిన్న గదులో తెలుస్తుంది. చిన్న గదిలో బతుకు అన్న ఆలోచన ఈ నేలకు కొత్తది కాదు.

ఇప్పుడు ఆ ఆలోచన మరో దారిలో తిరిగొస్తోంది. భీమిలి నుంచి భోగాపురం వైపు సాగే తీరంలోనూ, ఉద్దానం కొబ్బరి, జీడి తోటల్లోనూ ఒక చిన్న గది, పడుకోవడానికి పైన అటక, ముందు వసారా ఉంటే చాలని కలలు కనేవాళ్లు కనిపిస్తున్నారు. ఉద్యోగ విరమణకు దగ్గరపడినవాళ్లున్నారు. దూరదేశంలో ఉంటూ ఊళ్లోని తోటను వదులుకోలేనివాళ్లున్నారు. ఆ కల మంచిది. ఇల్లు ఎంత పెద్దదైతే మనిషి అంత ఎదిగినట్టు లెక్కవేసే కాలంలో, తక్కువ చోటు చాలనుకోవడం గౌరవించదగ్గ నిర్ణయం. అయితే చిన్న ఇల్లు కట్టడమంటే అందరికీ దూరంగా, ఒంటరిగా, ఎవరి అవసరమూ లేకుండా ఉండటమన్న భ్రమ ఒకటి ఆ కలతో పాటు వస్తోంది. దాన్ని కాస్త పరిశీలించాలి.

కొలతల దగ్గర మొదలుపెడదాం. అమెరికాలో హెన్రీ డేవిడ్ థోరో 1845లో వాల్డెన్ చెరువు గట్టున కట్టుకున్న గది 10 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు. పైన అటక కూడా ఉంది. కింది నేల 150 చదరపు అడుగులు. చండీగఢ్ నగరానికి రూపకల్పన చేసిన లె కార్బూజియే 1952లో మధ్యధరా సముద్రపు ఒడ్డున తన కోసం కట్టుకున్న చెక్క గది 3.66 మీటర్ల చదరం. మన లెక్కలో 12 అడుగులకు 12 అడుగులు, అంటే 144 చదరపు అడుగులు. శ్రీకాకుళం నుంచి విశాఖ దాకా తీర గ్రామాల్లో తరతరాలుగా కడుతూ వచ్చిన గుండ్రటి మట్టి ఇల్లు, చుట్టిల్లు, సంగతి చూద్దాం. లోపలి అడ్డకొలత 14 అడుగులనుకుంటే చోటు 154 చదరపు అడుగులు అవుతుంది. ఒక తత్వవేత్త, ఒక ప్రపంచ ప్రసిద్ధ వాస్తుశిల్పి, పేరు ఎక్కడా నమోదు కాని మట్టి మేస్త్రి. ఈ ముగ్గురి లెక్కలూ పది చదరపు అడుగుల తేడాలో ఒకచోటికే వచ్చాయి.

గోడల బయట ఏముందో చూస్తేనే ఆ లెక్క పూర్తవుతుంది. కార్బూజియే గదిలో వంటిల్లు లేదు. ఆ గది ఒక స్నేహితుడి భోజనశాల గోడను ఆనుకుని ఉంది. గదిలోంచి నేరుగా అందులోకి తలుపుంది. పక్కవాడి పొయ్యి మీద భరోసాతోనే ఆ 144 అడుగులు సరిపోయాయి. థోరో గది పలకలు ఎక్కడివో ఆయనే రాసిపెట్టాడు. రైలు మార్గం పనుల్లో ఉన్న జేమ్స్ కాలిన్స్ అనే ఐరిష్ కూలీ గుడిసెను 4 డాలర్ల 25 సెంట్లకు కొని, ఊడదీసి, ఆ పలకలను తెచ్చుకున్నాడు. మర్నాడు తెల్లవారేసరికి కాలిన్స్ కుటుంబం మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయింది. ఒకరు ఇష్టపడి కట్టుకున్న చిన్న గది వెనుక, మరొకరికి తప్పనిసరై ఉన్న చిన్న గది ఉంది.

వినయపిటకంలోనే మరో నియమం ఉంది. భిక్షువు దాత లేకుండా తన కోసం తాను కుటి కట్టుకుంటే, లోపల పొడవు 12 జానలు, వెడల్పు 7 జానలు దాటకూడదు. అవి బుద్ధుడి జానలు. ఇప్పటి వ్యాఖ్యాతల్లో కొందరి లెక్క ప్రకారం దాదాపు 3 మీటర్లు, ఒకటిముప్పావు మీటర్లు. కట్టే ముందు స్థలాన్ని తోటి భిక్షువులకు చూపించి ఒప్పించుకోవాలి. అక్కడ ప్రాణులకు హాని ఉండకూడదు. ఎడ్లు పూన్చిన బండి కుటి చుట్టూ తిరిగి రాగలిగేంత ఖాళీ ఉండాలి. లోపలి కొలత అంత బిగువుగా చెప్పిన నియమమే బయటి ఖాళీని అంత ఉదారంగా అడిగింది.

చుట్టిల్లు ఈ సంగతులన్నిటినీ ఏ గ్రంథమూ చూడకుండానే పాటించింది. కట్టే తీరును దగ్గరగా చూడాలి. మట్టిలో గడ్డి కలిపి, నీళ్లు పోసి, కాళ్లతో అడుసు తొక్కుతారు. ఆ ముద్దలతో గోడను ఒక్కొక్క వరస లేపుతారు. కింది వరస ఆరి గట్టిపడ్డాకే పై వరస వేస్తారు. గుండ్రటి గోడకు మూలలు ఉండవు. మట్టిగోడ ముందుగా బీటలిచ్చేదీ, వానకు కరిగేదీ మూలల దగ్గరే. 14 అడుగుల చుట్టింటికి గోడ లోపలి పొడవు 44 అడుగులు. థోరో గదికి 50. దాదాపు అంతే చోటుకు ఆరడుగుల గోడ తక్కువ పడుతుంది. తొక్కే అడుసు, మోసే తట్టలు, ఆరే రోజులు అన్నీ ఆ మేరకు తగ్గుతాయి.

గోడ మీద తాటి దూలాలు వేసి, వాటి మీద కర్రలు పేర్చి, మట్టి మెత్తి అటక చేస్తారు. దాని పైన వాసాలు నిలిపి తాటికమ్మతో కప్పుతారు. చూరు ఎంత కిందికి దిగుతుందంటే, నడుం వంచకుండా లోపలికి పోలేం. వానజల్లు గోడకు తగలదు. ఎండ గోడ మీద పడదు. కప్పుకూ అటకకూ మధ్య గాలి నిలిచి ఉంటుంది కాబట్టి వైశాఖంలోనూ కింద చల్లగా ఉంటుంది. విత్తనాలు, పెద్ద గిన్నెలు, ఏడాదికోసారి దించే సామాను ఆ అటక మీద ఉంటాయి.

ఆ మట్టి అటక అసలు గొప్పతనం నిప్పు దగ్గర తెలుస్తుంది. తాటాకు ఇళ్ల ఊళ్లలో వేసవి గాలికి ఒక రవ్వ ఎగిరినా చాలు, కప్పులు వరసగా అంటుకుంటాయి. కప్పు కాలి కూలినా, మండే కమ్మలు మట్టి అటక మీద పడతాయి గానీ నిద్రపోతున్న పిల్లల మీద పడవు. బయటపడటానికి కాస్త సమయం చిక్కుతుంది. ఇక్కడ కూడా అటక పనిచేసేది కింద ఉన్నవాళ్ల కోసమే.

తీరం వదిలి సీతంపేట వైపు కొండెక్కితే సవర గిరిజనుల సంప్రదాయ ఇల్లు మరో రకంగా అదే మాట చెబుతుంది. 2022 ఏప్రిల్ నుంచి ఆ ప్రాంతం పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. ఎత్తైన అరుగు, ఎర్రమట్టి అలికిన గోడలు, లోపల ఒకే గది. ఆ గదిలో కర్ర గుంజల మీద అటక, అటక మీద ధాన్యం, కింద పొయ్యి. పొయ్యి పొగ పైకెళ్లి ధాన్యాన్ని తేమ నుంచీ పురుగు నుంచీ కాపాడుతుంది. పగలు మనుషులు అరుగు మీదే ఎక్కువ గడుపుతారు. ఆ ఇంటి కొలతను గది ఒక్కదాన్నీ చూసి తేల్చలేం. వీధికి ఎదురుగా ఉన్న అరుగును కూడా కలుపుకోవాలి.

ఇక ఇవాళ కట్టాలనుకునేవాడి సంగతి. అటక మీద మనిషి పడుకుంటాడంటే అది అటక కాదు, అంతస్తు. 2016 జాతీయ భవన నిర్మాణ స్మృతి అటకను సామాను పెట్టుకునే చోటుగానే నిర్వచించింది. ఎత్తు 1.5 మీటర్లు దాటకూడదనీ, ఎక్కడానికి శాశ్వతమైన దారి ఉండదనీ చెప్పింది. మనిషి నివసించే అంతస్తుకైతే చదరపు మీటరుకు సుమారు 200 కిలోల బరువు ఆపేలా లెక్క వేయాలన్నది భారతీయ ప్రమాణం. 10 అడుగులకు 7 అడుగుల అటక అంటే ఆరున్నర చదరపు మీటర్లు. దాని దూలాలు 1,300 కిలోలు మోయగలగాలి. మంచం, మనిషి కలిపి రెండొందల కిలోలు కూడా ఉండవు కదా అని సన్నటి పైపులతో సరిపెట్టేస్తుంటారు. పండక్కి వచ్చిన అరడజను మంది పిల్లలు ఒకేసారి ఎక్కి గెంతితే కింద కూర్చున్న తాతగారి మాటేమిటి? దూలం లెక్క వేయాల్సింది ఆయనను తలుచుకుని.

గాలి సంగతి ఇంకా ముఖ్యం. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగం, ఉధృతిలో 165. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. విశాఖపట్నంలో భవనాలను సెకనుకు 50 మీటర్ల గాలికి, అంటే గంటకు 180 కిలోమీటర్లకు, లెక్క వేయాలని భారతీయ ప్రమాణం చెబుతుంది. గాలి కప్పును కిందికి నొక్కి విరగ్గొడుతుందని అనుకుంటాం. నిజానికి పైకి పీలుస్తుంది. తెరుచుకున్న కిటికీలోంచి దూరిన గాలి లోపలి నుంచి ఎత్తుతుంది. రెండూ కలిస్తే రేకు ఎగిరిపోతుంది. అటక కోసమని ముందు గోడను త్రికోణంగా, నిటారుగా పెంచి సముద్రానికి ఎదురుగా నిలబెడితే తుపాను మొదట కొట్టేది దాన్నే. చుట్టింటికి అలాంటి చదును ముఖం లేదు. గాలి గోడను చుట్టుకుని పోతుంది. చూరు కిందికి దిగి ఉంటుంది కాబట్టి కప్పు కిందికి దూరడం కష్టం. రేకు, సిమెంటుతో కట్టేవాళ్లు కూడా ఇందులోంచి నేర్చుకోవచ్చు. కప్పును నాలుగు వైపులా వాలేలా చెయ్యాలి. చూరు పొడుగ్గా ఉంటే దాన్ని గోడకు, గోడను పునాదికి కట్టెయ్యాలి.

చుట్టిల్లు లోపం లేనిదేమీ కాదు. వరద నీరు నిలిస్తే మట్టిగోడ నానిపోతుంది. కొన్నేళ్లకోసారి కమ్మ మార్చాలి. ఏటా అలకాలి. ఆ చాకిరీలో ఎక్కువ భాగం ఆడవాళ్ల మీదే పడింది. అవకాశం రాగానే జనం శ్లాబు ఇంటికి మారారంటే అందులో తప్పేమీ లేదు. ఆ ఇల్లు మన కోసం మళ్లీ కట్టుకోండని ఆ కుటుంబాలను అడిగే హక్కు ఎవరికీ లేదు.

ఈ వ్యాసకర్త మనసులో ఉన్న అసలు మాట ఇక్కడే ఉంది. చిన్న ఇల్లు చాలామందికి కల కాదు, రోజూ గడిపే జీవితం. రాష్ట్ర ప్రభుత్వం 2020 డిసెంబర్‌లో మొదలుపెట్టిన ఇళ్ల స్థలాల పంపిణీలో పల్లెల్లో ఒకటిన్నర సెంటు, పట్టణాల్లో ఒక సెంటు ఇచ్చారు. అందులో కట్టిన ఇల్లు 340 చదరపు అడుగులు. రెండు తరాలు ఆ చోట్లోనే సర్దుకుంటున్నాయి. శ్రీకాకుళం తీరం నుంచి గుజరాత్‌లోని వెరావల్‌కు వెళ్లే మత్స్యకారులు నెలల తరబడి బోటులోనే ఉంటారు. హైదరాబాద్‌లో, చెన్నైలో మేడలు కట్టే వలస కూలీలు ఆ మేడ పక్కనే రేకుల గదుల్లో పడుకుంటారు. కొలతలు, గాలి, వేడి, దాచుకునే చోటు గురించిన శ్రద్ధ తోటలోని గదికి మాత్రమే చాలదు. 340 అడుగుల ఇంటికి శ్లాబు వేసేటప్పుడే రెండడుగుల సజ్జాతో సరిపెట్టకుండా, ఒక గోడ పొడవునా లోతైన అటకను లెక్కలో చేర్చితే ఎంతో మేలు. బియ్యం బస్తాలు, పరుపులు, పెట్టెలు పైకెళ్లి మనుషులకు నేల మిగులుతుంది. ముందు నాలుగడుగుల అరుగు ఉంటే సాయంత్రాలు ఇల్లు రెట్టింపవుతుంది.

ఉత్తరాంధ్రలో తోటలోనో తీరంలోనో అటకతో గది కట్టుకోదలచినవాళ్లకు ఒక విన్నపం. నమూనా బొమ్మ తెచ్చి మేస్త్రి చేతిలో పెట్టే ముందు, చుట్టుపక్కల ఊళ్లలో మిగిలి ఉన్న చుట్టిల్లు ఒకటి వెతికి, ఇంటివాళ్ల అనుమతితో లోపలికి వెళ్లి చూడండి. గోడ మందం, దూలాల మధ్య ఎడం, చూరు ఎత్తు కొలిచి రాసుకోండి. విశాఖలో ఆర్కిటెక్చర్ చదువుతున్న పిల్లలుంటే వాళ్లనూ వెంటబెట్టుకెళ్లండి. మట్టిగోడ లేపేవాళ్లకూ, కమ్మ కప్పేవాళ్లకూ మీ గదిలో కొంతైనా పని ఇవ్వండి, అడిగినంత కూలి ఇవ్వండి. ఆ పని తెలిసినవాళ్లలో చాలామంది ఇప్పుడు ముసలివాళ్లు.