గేటు మూశాక జరిగే చదువు

"క్యాంపస్ ఎలా ఉంటుంది?" అని అబ్బాయి అడిగితే మన ఇళ్ళల్లో ఎవరూ ఏమీ అనుకోరు. అదే మాట అమ్మాయి అడిగితే "చదువుకోడానికి వెళ్తున్నావా, తిరగడానికా?" అన్న ఎదురు ప్రశ్న సిద్ధంగా ఉంటుంది. చదువు వేరు, తిరగడం వేరు అనే ఈ విభజన దగ్గరే నాకు పేచీ.

మా చెల్లెలి కూతురికి పీజీలో కళాచరిత్ర చదవడానికి రెండు చోట్ల సీటొచ్చింది. ఒకటి బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం, రెండోది హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ. రెండూ పేరున్నవే. పిల్లకి బెనారస్ మీద మనసు. క్యాంపస్‌లోనే భారత కళాభవన్ ఉంది, మొగల్, రాజస్థానీ, పహాడీ సూక్ష్మచిత్రాలను పుస్తకంలో కాకుండా కళ్ళెదుట చూసుకుంటూ చదవొచ్చు. వాళ్ళ నాన్నకీ బెనారసే ఇష్టం. అక్కడ ఆడపిల్లల హాస్టళ్ళు కట్టుదిట్టంగా ఉంటాయని ఎవరో చెప్పారట. ఒకే చోటుని తండ్రీ కూతుళ్ళు ఎంత వేర్వేరు కారణాలతో కోరుకోగలరో!

ఆ కట్టుదిట్టం సంగతి మనకి తెలియంది కాదు. 2017 సెప్టెంబర్ 21 సాయంత్రం హాస్టల్‌కి వెళ్తున్న విద్యార్థినిని మోటార్ సైకిల్ మీద వచ్చినవాళ్ళు వేధించారు. అది జరిగింది ఆ భారత కళాభవన్ దగ్గరే. ఆలస్యంగా ఎందుకు తిరుగుతున్నావని తిరిగి ఆమెనే అడిగారని తోటి విద్యార్థినులు ఆరోపించారు. వందలమంది అమ్మాయిలు సింహద్వారం దగ్గర కూర్చున్నారు. 23 రాత్రి వాళ్ళమీద లాఠీలు విరిగాయి. లోపల పెట్టి తాళం వెయ్యడమే రక్షణ అనుకునేచోట, బయట దెబ్బ తిన్న మనిషే దోషి అవుతుంది.

నేను చదివిన రోజుల్లో మా హాస్టల్ గేటు ఏడింటికి మూసేవాళ్ళు. సెమినార్ ఆరున్నరకి ముగిసేది. అసలు చర్చ ఆ తర్వాత చాయ్ బండి దగ్గర మొదలయ్యేది. మర్నాడు క్లాసులో మగపిల్లలు ఆ చర్చ మధ్యలోంచి మాట్లాడేవాళ్ళు. మేం మొదటి నుంచీ మొదలుపెట్టేవాళ్ళం. పాఠం అందరికీ ఒకటే, పరీక్షా ఒకటే. అయినా వాళ్ళకి తెలిసి మాకు తెలియనిదేదో ఉండేది. అది తెలివి తేడా అని చాలామంది, మాలో కొందరు కూడా, నమ్మారు. కాబట్టి పదింటి తర్వాత లైబ్రరీ నుంచి నడిచి రాగలనా అన్నది సరదాకి అడిగే ప్రశ్న కాదు. అలీగఢ్‌లో డిగ్రీ అమ్మాయిలకి మౌలానా ఆజాద్ లైబ్రరీలోకి ప్రవేశం కోసం 2014లో అలహాబాద్ హైకోర్టు చెప్పాల్సొచ్చింది. భద్రత పేరు చెప్పి ఆడపిల్లల హాస్టళ్ళకి వివక్షతో కూడిన నిబంధనలు పెట్టకూడదని యూజీసీ 2015 నియమాల్లోనే ఉంది. ఎంతమంది వార్డెన్లు చదివారో!

మరి హైదరాబాద్‌కే వెళ్ళమందామా? ఇక్కడ నా స్నేహితురాలొకామె అడ్డం పడింది. "అందరూ తెరిచి ఉన్న గేట్ల దగ్గరికే పోతే, మూసిన గేట్లు తెరిచేదెవరు?" అంది. మాట బాగుంది. కానీ ఇరవై ఒక్కేళ్ళ పిల్ల బతుకులో రెండేళ్ళని మన ఉద్యమానికి పెట్టుబడిగా పెట్టే హక్కు మనకెక్కడిది? పోరాటం ఆమెకి ఆమె తలకెత్తుకుంటే వేరు. పెద్దవాళ్ళం కూర్చుని ఆమెకి కేటాయించడం కూడా పెత్తనమే.

పైగా తెరిచి ఉన్న గేటు ఎవరికి తెరిచి ఉంది? హైదరాబాద్ క్యాంపస్‌లో రాత్రిపూట ఆడా మగా చాయ్ తాగుతూ వాదించుకునే షాప్‌కామ్ గురించి వినని వాళ్ళుండరు. హాస్టళ్ళ నుంచి వెళ్ళగొట్టిన ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులు 2016 జనవరిలో 'వెలివాడ' వేసుకున్నది కూడా ఆ షాప్‌కామ్ దగ్గరే. వారిలో రోహిత్ వేముల 17న ఆత్మహత్య చేసుకున్నాడు. మా కులంలో పుట్టిన పిల్లకి ఆ చాయ్ కనిపిస్తుంది. ఆ వెలి తనంతట కనిపించదు, ఎవరో చూపించాలి. 'క్యాంపస్ సంస్కృతి' అని మనం అంత తేలిగ్గా అనే మాటలో ఈ రెండూ ఉన్నాయి.

ర్యాంకులు పక్కన పెట్టి అక్కడి సీనియర్లని అడగమన్నాను. లైంగిక వేధింపుల కమిటీలో ఎవరున్నారో గోడ మీద రాసి ఉందా, ఫిర్యాదు చేసిన అమ్మాయి చదువు పూర్తి చేసిందా, మెస్‌లో ఎవరు ఎవరి పక్కన కూర్చుంటారు. ఆ పిల్ల అన్నీ రాసుకుంది. రెండు రోజుల తర్వాత ఫోన్ చేసింది.

"పెద్దమ్మా, అన్నీ కనుక్కుంటున్నాను. కానీ ఆ బొమ్మలు మాత్రం బెనారస్‌లోనే ఉన్నాయి కదా" అంది.

ఫీజు కట్టడానికి ఇంకా నాలుగు రోజుల గడువుంది.