అభిరుచి ఎవరి సొంతం?

"ఎవరి రుచి వారిది" అన్నది మన సంఘ సమావేశాల్లో తరచు వినబడే మాట. పాటల మీద వాదన ముదిరి, టీ కప్పులు చల్లారే వేళకు ఎవరో ఒక పెద్దమనిషి ఈ మాట అంటారు. అందరం నవ్వి లేస్తాము. వాదన ఆపడానికి ఇది బాగానే పనికివస్తుంది. నిజమా అన్నది వేరే ప్రశ్న. నిజం కాదేమోనని మాకు మొదటిసారి తోచింది 1986లో, దమ్మామ్ శివార్లలోని ఒక కంపెనీ క్యాంపులో, నలుగురికీ కలిపి ఒకే టేప్ రికార్డరు ఉన్న గదిలో.

ఆ గదిలో ముగ్గురం ఆఫీసు పనివాళ్ళం. ఒకరు డ్రాఫ్ట్స్‌మన్, ఒకరు స్టోర్ కీపరు, ఒకరు టైమ్ కీపరు. నాలుగో ఆయన జగిత్యాల వైపు నుంచి వచ్చిన తాపీ మేస్త్రి, మా కంటే పదేళ్ళు పెద్ద. టేప్ రికార్డరు ఆయనదే. ఈ దేశంలో అప్పట్లో సినిమా హాళ్ళు లేవు. రియాద్‌లో హాలు తెరిచింది 2018 ఏప్రిల్‌లో. బహ్రెయిన్‌కి వంతెన 1986 నవంబరులో తెరిచినా, కారూ వీసా ఉన్నవాళ్ళకే అది దారి. మావంటి వాళ్ళకు సినిమా అంటే సెలవు మీద ఇంటికి వెళ్ళి వచ్చినవాళ్ళ పెట్టెల్లోంచి బయటపడే క్యాసెట్లే. శుక్రవారం ఉదయం బట్టలు ఉతుక్కుంటూ, తలుపు వేసుకుని, సౌండు తగ్గించి వినేవాళ్ళం. అజాన్ వినబడితే ఆపేసేవాళ్ళం.

మేస్త్రి పెట్టేవి చక్రవర్తి పాటలు. 'వేటగాడు', 'కొండవీటి సింహం', 'జస్టిస్ చౌదరి', 'దేవత'. మాకు అవి గిట్టేవి కావు. మేము ఇళయరాజా పక్షం. 'సాగర సంగమం' (1983), 'సితార' (1984), 'అన్వేషణ' (1985) వరుసగా వచ్చిన రోజులవి. 'అన్వేషణ' నేపథ్య సంగీతం గురించి గంటలకొద్దీ మాట్లాడేవాళ్ళం. మేస్త్రి పాట పెట్టగానే ఒకరి మొహాలు ఒకరం చూసుకుని నవ్వేవాళ్ళం. ఆయనకు అది తెలిసేది. మౌనంగా సౌండు ఇంకొంచెం తగ్గించేవాడు. ఆ తగ్గించడం ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

మా వాదం ఇది: "నెలకు మూడు సినిమాలకు బాణీలు కట్టే మనిషి సంగీతం చేస్తున్నాడా, ఇటుకలు కోస్తున్నాడా?" లెక్కలో తప్పేమీ లేదు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో కొమ్మినేని అప్పారావుగా పుట్టి, డబ్బింగులో గొంతు అరువిచ్చి, 1971లో 'మూగప్రేమ'తో సంగీత దర్శకుడై, 2002లో కన్నుమూసేలోగా చక్రవర్తి సంగీతం ఇచ్చిన సినిమాలు తొమ్మిది వందల పైచిలుకని చెబుతారు. ముప్పై ఏళ్ళకు పంచినా ఏడాదికి ముప్పై.

అయితే ఈ కొలబద్ద మా చేతిలోనే విరిగింది. తర్వాతి కాలంలో మా ఇళయరాజా వెయ్యి సినిమాలు దాటితే, అదే సంఖ్యను మేము కిరీటంలా చెప్పుకున్నాము. ఒకరి దగ్గర ఎక్కువ చేయడం దోషమైతే మరొకరి దగ్గర మహిమ ఎలా అయింది? అన్నమయ్య సంకీర్తనలు ముప్పై రెండు వేలంటారు. రాగిరేకుల మీద దొరికినవే పన్నెండు వేలకు పైన. బాఖ్ 1723లో లైప్‌జిగ్ చర్చి కొలువులో చేరి, మొదటి కొన్నేళ్ళు ఇంచుమించు వారానికొక కాంటాటా కట్టాడు. ఆదివారం ఆగదు కదా! సినిమా షూటింగు తేదీ కూడా అంతే. ఇంకొక మాట. దమ్మామ్‌లో మనం చేసేదేమిటి? ఎవరో గీసిన ప్లాను, ఎవరో పెట్టిన గడువు. మా మేస్త్రి ఆ ఏడాది కట్టిన గోడలు ఆయనే లెక్క చెప్పలేడు. అందులో ఏ గోడా వంకర లేదు. ఆర్డరు మీద చేసిన పని కాబట్టి తక్కువదని అన్నవాళ్ళం, ఆర్డరు మీద పని చేయడానికే సముద్రం దాటి వచ్చినవాళ్ళం.

ఒక శుక్రవారం మాలో ఒకరు ఉండబట్టలేక అడిగేశారు: "అన్నా, ఈ పాటలో ఏముందని వింటావు?" ఊరు గుర్తొస్తుందనో, పెళ్ళాంతో కలిసి చూసిన సినిమా అనో అంటాడనుకున్నాము. అలా అంటే జాలిపడి వదిలేద్దామని కూడా సిద్ధపడ్డాము. ఆయన అలా అనలేదు. "మీరు పాట ఇంటున్నరు తమ్మీ, నేను దెబ్బ ఇంటున్న" అన్నాడు. పాట వెనక్కి తిప్పి, మంచం పట్టె మీద తాపీ పిడితో వాయించి చూపించాడు. చరణం ముగిసి పల్లవి అందుకునే చోట దెబ్బ ఒక్కసారి ఆగి, ఆ ఖాళీ తర్వాత బరువుగా పడుతోంది. పదిసార్లు విన్న పాటలో ఆ ఖాళీ మాకెవరికీ వినబడలేదు. చిన్నప్పుడు ఊళ్ళో డప్పు పట్టిన చెవి ఆయనది. మా చెవులు పత్రికల్లోని సమీక్షలు చదివిన చెవులు!

హ్యూమ్ అనే స్కాట్లండ్ తత్త్వవేత్త 1757లో అభిరుచికి కొలమానం ఉందా అని ఒక వ్యాసం రాశాడు. అందులో 'డాన్ కిహోటే' నవలలోని ఒక కథను వాడుకున్నాడు. ఇద్దరు ఒక పీపాలోని ద్రాక్షసారా రుచి చూశారు. మంచిదే గాని తోలు వాసన ఉందని ఒకడు, ఇనుము రుచి ఉందని రెండోవాడు అన్నారు. అందరూ నవ్వారు. పీపా ఖాళీ చేస్తే అడుగున తోలు పట్టీ కట్టిన తాళంచెవి దొరికింది. ఈ కథ మాకు తర్వాత ఎప్పుడో తెలిసింది. తాళంచెవి మాత్రం ఆ శుక్రవారమే దొరికింది.

ఇక్కడితో ఆగితే మేస్త్రి గెలిచాడు, మేము ఓడాము అని తేలిపోయేది. అలా జరగలేదు. కొన్నాళ్ళకు 'ప్రతిఘటన' (1985) క్యాసెట్టు వచ్చింది. టి. కృష్ణ సినిమా, సంగీతం చక్రవర్తే. తరగతి గదిలో విజయశాంతి పాత్ర విద్యార్థులను నిలదీసే పాట, వేటూరి రాసినది, జానకి పాడినది. మేము దిమ్మెరపోయాము. చక్రవర్తిని ఒప్పుకోవడానికి మాకొక మర్యాదైన దారి కూడా దొరికింది. ఇదీ పాటంటే అని మళ్ళీ మళ్ళీ పెట్టాము. నాలుగోసారి మేస్త్రి లేచి ఆపేశాడు. "గది పాటనా తమ్మీ? ఆడిబిడ్డ ఏడుస్తాంటే మనం మంచం మీద పండుకోని ఇంటమా?"

మాకు కోపం వచ్చింది. వానపాటల్లో ఆడదాన్ని తడిపి చూపించే సినిమాల పాటలు నీకు అభ్యంతరం లేదు, ఆడదాని తరఫున అడిగే పాట అభ్యంతరమా అన్నాము. న్యాయమైన ప్రశ్నే. ఆయన జవాబు చెప్పలేదు. చాలాసేపు ఆలోచించి, ఆ వానపాటల క్యాసెట్టు పెట్టెలో అడుగున పెట్టేశాడు. నెల తిరగకుండా మళ్ళీ తీశాడనుకోండి. మనిషి కదా! ఆయన అడిగినదానికి మా దగ్గరా జవాబు లేదు. ఒక అవమానం గురించిన పాటను "ఎంత బాగుంది" అని ఆస్వాదించడంలో ఏదో తప్పు ఉందని ఆయన అన్నాడు. బాగుండబట్టే కదా అది జనం గుండెకు చేరింది అని మేమన్నాము. రెండూ నిజమే అనిపిస్తుంది. కాని నాలుగోసారి వింటున్నప్పుడు మేము ఆ స్త్రీ గురించి ఆలోచించడం లేదు, జానకి గొంతు గురించి మాట్లాడుకుంటున్నాము. అదీ నిజమే.

"ఎవరి రుచి వారిది" అన్న మాట మాకు చాలనిది ఇందుకే. ఒకే గదిలో ఒకే యంత్రం ఉన్నప్పుడు మన రుచి పక్కవాడి చెవిలో పడుతుంది. అతనికి మనం సమాధానం చెప్పుకోవాలి, అతని చేత సమాధానం చెప్పించుకోవాలి. ఆ మాట అంటే ఇక అడిగేవాడు ఉండడు, చెప్పేవాడూ ఉండడు. ఆ గదిలో అలా ఊరుకుని ఉంటే ఆ దెబ్బ మధ్య ఖాళీ మాకు ఈనాటికీ వినబడేది కాదు. ఆయన వానపాటల గురించి ఒక్క నెలైనా ఆలోచించేవాడు కాదు.

ఇప్పుడు క్యాంపుల్లో ప్రతి కుర్రాడికీ ఫోనుంది, చెవిలో బుడిపె ఉంది. ఎవరి పాట వారికే వినబడుతుంది. పాటల మీద తగాదాలు లేవు. ఆ మధ్య ఒక గదికి వెళితే ఆరుగురు ఆరు పాటలు వింటున్నారు, గది నిశ్శబ్దంగా ఉంది. ఏం వింటున్నావని ఒక అబ్బాయిని అడిగితే కొంచెం సిగ్గుపడి ఫోను బోర్లించాడు.

మేస్త్రి 1989లో ఇంటికి వెళ్ళిపోయాడు. 'ప్రతిఘటన' పాట ఇప్పుడు ఎప్పుడు కావాలంటే అప్పుడు వేళ్ళ చివర దొరుకుతుంది. పడుకుని మాత్రం వినలేకపోతున్నాము.