త్రివక్ర చెప్పిన పేరు

శ్రీమద్భాగవతము దశమ స్కంధమున, మథురకు విచ్చేసిన బలరామకృష్ణులు రాజవీథిని నడచుచుండగా గంధపాత్రను చేతబట్టి యెదురువచ్చిన ఒక యువతి కథ కలదు. ఆమె దేహము మూడు చోట్ల వంగియుండెను. శ్రీకృష్ణుడు ఆమెను పలుకరించిన తీరు గమనింపదగినది. సౌందర్యవతులను పిలుచు పిలుపుతోనే ఆమెను పిలిచి, ఆమె యెవరో, ఆ మైపూత యెవరికో యడిగి, తమకును కొంత యిమ్మని కోరెను. అప్పటికి ఆమె నడుము వంగియే యున్నది.

ఆమె ప్రత్యుత్తరమునందే కథలోని మర్మమున్నది. తాను కంసుని దాసిననియు, తన పేరు త్రివక్ర యనియు, తాను కూర్చిన మైపూత రాజునకు మిక్కిలి ప్రీతియనియు ఆమె చెప్పినది. త్రివక్ర యనగా మూడు వంకరలు గలది. ఏ తల్లియు పురిటింట బిడ్డకు అట్టి పేరు పెట్టదు. అది లోకము పెట్టిన పేరుగానే తోచుచున్నది. రాజు మెచ్చిన పనితనము చేతిలో నున్నను, తానెవరో చెప్పుకొనవలసి వచ్చినపుడు ఆమెకు ముందుగా నోటికి వచ్చినవి దాస్యమును, వంకరయును. స్వామి ఆ వంకరను గూర్చి ఒక్క మాటయైనను అనలేదు. ఆమె చేతిపనిని అడిగి పుచ్చుకొనెను. పిదపనే ఆమె పాదములను తన పాదములతో నొక్కిపట్టి, రెండు వ్రేళ్లతో గడ్డమును పైకెత్తి, ఆమెను నిటారుగా నిలిపెను. ఈ వరుసను మరువరాదు. పురాణశ్రవణము చేయువారు పలువురు నిటారైన అద్భుతమునే తలంతురు గాని, ముందు జరిగిన పలుకరింపును అంతగా తలంపరు.

ఆ లోకము నేడును మన వీథులలోనే యున్నది. సంగారెడ్డి జిల్లాలోని జహీరాబాదు కర్ణాటక సరిహద్దు చెంతనున్న పట్టణము. అచటి బజారులో తెలుగు, ఉర్దూ, కన్నడము మూడును వినవచ్చును. ఒడ్డుపొడవైన పిల్లను వెక్కిరించుటకు మూడింటను మాటలు సిద్ధముగా నున్నవి: దొడ్డుది, మోటీ, దప్ప. బక్కపలుచని పిల్లకు వేరే మాటలు కలవు. పరాయివారు అన్నది ఒక యెత్తు. "గిట్ల తింటే నిన్నెవరు చేసుకుంటరు బిడ్డా" అని కన్నతల్లి విస్తరి ముందు అన్నది వేరొక యెత్తు. ఆ తల్లి ప్రేమతోనే అనుచున్నది. విను పిల్లకు మాత్రము అది పేరై అంటుకొనును.

ఆ ప్రాంతమున తిండికిని ఇట్టి చరిత్రయే యున్నది. 1983లో ఏర్పడిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, పస్తాపూరు కేంద్రముగా, పేద మహిళా రైతుల సంఘములతో జొన్న, కొఱ్ఱ, సామ వంటి పంటలను నిలిపి, 2019లో ఈక్వేటర్ పురస్కారము నందుకొన్నది. ఒకప్పుడు బీదల తిండియని అతిథికి వడ్డించుటకు సిగ్గుపడిన జొన్నరొట్టెనే నేడు పట్టణవాసులు సన్నబడుటకై వెదకుచున్నారు. రొట్టెకు మర్యాద వచ్చినది గాని దేహమునకు ఇంకను రాలేదు.

2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, తెలంగాణలో 15–49 ఏండ్ల స్త్రీలలో సుమారు 30 శాతము అధిక బరువు గలవారు. సుమారు 19 శాతము ఉండవలసినదానికంటె తక్కువ బరువు గలవారు. అనగా ఇంచుమించు సగముమంది ఏదో యొక వెక్కిరింతకు గురి కాదగినవారే. సిగ్గుపఱచిన చిక్కుదురని పెద్దల నమ్మకము. మనస్తత్త్వ శాస్త్ర పరిశోధనలు దీనికి విరుద్ధముగా చెప్పుచున్నవి. సిగ్గుపడినవారు చాటున అధికముగా తిందురు, నలుగురిలో నడచుటకు జంకుదురు, వైద్యుని కడకు పోవుటయే మానుకొందురు. బరువు కేవలము తిండిపోతుతనము, సోమరితనముల ఫలమను తలంపు సరికాదనియు, అందు వంశపారంపర్యము మొదలగు కారణములు పెక్కు కలవనియు 2020లో నేచర్ మెడిసిన్ పత్రికలో అంతర్జాతీయ నిపుణులు సంయుక్తముగా ప్రకటించిరి.

మధుమేహము మాటయేమని అడుగువారుందురు. అడుగవలసినదే. మన దేశీయులకు తక్కువ బరువుననే ఆ వ్యాధి వచ్చుచున్నది గనుక చికిత్సను వాయిదా వేయరాదు. స్వామియు నడుమును సరిచేసెను గదా! అయితే దేహమును క్షణములో మార్చుట మానవులకు సాధ్యము కాదు. గౌరవముతో పలుకరించుట అందరకును సాధ్యమే. సకల చేతనాచేతనములును భగవంతునికి శరీరమని శ్రీరామానుజుల సిద్ధాంతము. దానిని సాయంకాలము విని, మరునాడు ఉదయము కోడలి నడుమును చూచి నవ్వు గృహస్థుడు ఏమి విన్నట్లు?

నేర్పరియైన కౌన్సెలింగ్ నిపుణుడు వచ్చినవారిని ముందుగా త్రాసు నెక్కింపడు. ఆ మాటను మొదట ఎవరన్నారు, అప్పటికి వయస్సెంత యని అడుగును. అట్టివారు దొరకని యూళ్ల కొఱకు 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వము టెలీ మానస్ అను ఉచిత సేవను ప్రారంభించినది. దాని సంఖ్య 14416. తెలుగు, ఉర్దూ, కన్నడములతో సహా 20 భాషలలో మాటలాడవచ్చును గనుక, జహీరాబాదు పిల్ల తనకు ఏ భాషలో ఆ పేరు తగిలినదో ఆ భాషలోనే చెప్పుకొనవచ్చును.